దాలయ్య భయానికి వాటాదార్లు

మా పేటలో మగాళ్లు వరసగా నిలబడి ఎక్సర్‌సైజు చేస్తారని కలలో కూడా అనుకోలేదు. వల లాగి, పడవ తోసి, తడిసిన తాళ్లు భుజాన మోసుకొచ్చేవాళ్లకి ఎక్సర్‌సైజేమిటి, మతి లేకపోతే! అయినా తుఫాను పోయిన నెలకి అదే జరిగింది. అందుకు కారకురాలు డాక్టర్ హైమవతి గారు. విశాఖపట్నంలో ఏదో పరిశోధనశాల నుంచి జీపు నిండా పెట్టెలేసుకుని వచ్చి, మా తుఫాను షెల్టర్ మేడ మీద గదిలో కంప్యూటర్లు సర్దుకున్నారు. కింది గదిలో నా అంగన్‌వాడీ. "కాములూ, నాకు కాస్త సాయంగా ఉంటావా?" అని అడిగారు. అంతే, పిల్లలకి గుడ్లు ఉడకబెట్టడం, పెద్దలకి పట్టీలు కట్టడం, రెండూ నా నెత్తిన పడ్డాయి.

పట్టీలంటే నల్లటివి, చేతి గడియారమంత ఉంటాయి. పెట్టె తెరవగానే నర్సమ్మత్త మూతి విరిచింది. ఆవిడ నాకు వరసకి అత్త. ఊళ్లో అందరికంటే పెద్దది, నోరు ఇంకా పెద్దది.

"ఓలమ్మ! బియ్యం తెచ్చినాదనుకున్నాను గానీ గాజులు తెచ్చినాదే ఈయమ్మ!"

వెనక నుంచి మగాళ్లు అందుకున్నారు. "మాకు గాజులేటమ్మా? మేం గాజులు తొడుక్కున్నోళ్లలాగ అగుపిస్తన్నామేటి?"

హైమవతి గారు నవ్వారు. నర్సమ్మత్త చేతికి ఒక పట్టీ, తన చేతికి ఒకటి కట్టి, "అమ్మా, నాతోపాటు చేతులెత్తి దించండి" అన్నారు. ఇద్దరూ ఎత్తారు, దించారు. కాసేపటికి ఇద్దరి ఊపిరీ ఒకేసారి లేచి ఒకేసారి దిగడం మాకే కనిపించింది. అప్పుడు డాక్టరమ్మ సైగ చేస్తే జీపు డ్రైవరు గోడవతల రేకు మీద దడేల్మని ఒక్కటి కొట్టాడు.

మా పేటలో రేకు చప్పుడంటే మాటలు కాదు. ఇళ్ల కప్పులన్నీ ఆ చప్పుడుతోనే ఎగిరిపోయాయి. పిల్లలు కెవ్వుమన్నారు, నా చేతిలో గుడ్లగిన్నె జారిపోయింది. ఆ చప్పుడు వింటే చెవులు మూసుకుని కింద కూలబడే నర్సమ్మత్త మాత్రం రెండుసార్లు కళ్లు టపటపలాడించి ఊరుకుంది. ఎగిరి గంతేసింది డాక్టరమ్మ!

"చూశారా," అన్నారు ఆవిడ గుండె మీద చెయ్యేసుకుని. "మీ ఉలికిపాటులో సగం నాకొచ్చింది."

"నా బయం నీకెందుకమ్మా, నీకేటి కర్మ?"

"ఇద్దరమే కాబట్టి సగం. ఇరవై మంది కలిస్తే తలకి చిటికెడే. అడుగూ ఊపిరీ కలిస్తేనే పట్టీ పని చేస్తుంది. అందుకే అందరూ కలిసి చెయ్యాలి."

మర్నాటి నుంచి షెల్టర్ ముందు ఇసకలో ఎక్సర్‌సైజు మొదలైంది. స్పీకర్లో తాళం వేస్తుంటే ఇరవై మంది చొప్పున వరసకట్టి వంగడం, లేవడం, చేతులు చాపడం. అబ్బ, ఆ మొదటి రోజులు తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఒకరు కుడికి వంగితే ఒకరు ఎడమకి వంగి బుర్రలు ఢీకొట్టుకునేవాళ్లు. అలా నవ్వుతూ తిట్టుకుంటూనే అడుగు కుదిరింది. నెల తిరిగేసరికి ఆడవాళ్లు రాత్రుళ్లు నిద్రపోతున్నామని చెప్పుకోసాగారు. గాలి వీస్తే నా బల్ల కింద దూరే పిల్లలు బయటికొచ్చి గుడ్డు ఎవరిది పెద్దదని కొట్టుకోవడం మొదలెట్టారు. ఆ కొట్లాట చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

బాగుపడనిది ఒక్క మా ఆయనే.

మా ఆయన దాలయ్య అలివి వలకి పాట అందుకునే మనిషి. అలివి వలంటే ఒడ్డునుంచి ఊరంతా కలిసి లాగే పెద్ద వల. తాడు పట్టిన వాళ్లందరి బలమూ ఒక్కసారి పడాలంటే ఒకరు గొంతెత్తి పిలవాలి. ఆ గొంతు మా ఆయనది. ఆయన "హైలెస్సా" అన్నాడంటే పక్క పేటలో కుక్కలు లేచి కూర్చునేవి. పెళ్లిచూపుల్లో ఆ గొంతు విని నేను భయపడ్డాను కూడా, నమ్మండి.

తుఫాను నాడు ఊరి పక్క వాగు, మేం గెడ్డ అంటాం, పొంగి అవతల కొన్ని కుటుంబాలు చిక్కుకుపోతే, మనవాళ్లు వల తాడు అడ్డంగా కట్టి ఒక్కొక్కరినీ లాగారు. పిలుపు మా ఆయనదే. అందరూ వచ్చేశారు. ఆఖరున ఆయన తమ్ముడు సన్నాసి. "లాగండి" అని మా ఆయన అరిచాడు, అందరూ లాగారు, రాతికి రాసుకుని అరిగిపోయి ఉన్న తాడు పుటుక్కున తెగింది. సన్నాసి నీళ్లలో కొట్టుకుపోయాడు. ఎవ్వరూ మా ఆయన్ని ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి మా ఆయన గొంతు పెగల్లేదు. మాట వస్తుంది గానీ గుసగుసగానే. సముద్రానికి వీపు పెట్టి గుమ్మంలో కూర్చుంటాడు. రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేస్తాడు. కునుకు పడితే రెండు గుప్పిళ్లూ బిగించి లేస్తాడు. ప్రభుత్వాసుపత్రి డాక్టరు చెవిగొట్టం పెట్టి చూసి, ఇలాగే ఉంటే గుండె ఎన్నాళ్లో తట్టుకోదమ్మా అని నన్ను పక్కకి పిలిచి చెప్పాడు.

అందుకే ఆయన్ని బతిమాలి, తిట్టి, ఒకరోజు వరసలో నిలబెట్టాను. తాళం మొదలై నాలుగు వంగుళ్లు అయ్యాయో లేదో, ఆయనకి అటూ ఇటూ ఉన్న ఇద్దరూ గొంతు పట్టుకుని ఇసకలో కూలబడ్డారు. ఒకడు వాంతి చేసుకున్నాడు. వరస చివర ఉన్నవాళ్లకి మాత్రం కాస్త చలేసినట్టు అనిపించిందట, అంతే. హైమవతి గారు మేడ మీద మీట నొక్కి పట్టీలన్నీ ఆపేసి పరుగున దిగారు.

"ఇంత ఒక్క మనిషిలో ఉంటుందని నేను ఊహించలేదు," అన్నారు మొహం పాలిపోయి.

ఆవిడ మమ్మల్ని విశాఖపట్నం తీసుకెళ్లారు. ఆ పరిశోధనశాలలో చలిగా ఉంది, బయటి చప్పుడు లోపలికి రాదు. వరసగా నడక మిషన్లు. మా ఆయనకి అటూ ఇటూ ముగ్గురు చదువుకునే పిల్లలు, వాళ్లంతట వాళ్లే ముందుకొచ్చినవాళ్లు, పట్టీలు కట్టుకుని నడవడం మొదలుపెట్టారు. అద్దం ఇవతల తెర మీద ఎవరి భయం ఎంతుందో చూపిస్తూ నలుగురికీ నాలుగు గీతలు. మా ఆయన గీత తాటిచెట్టంత ఎత్తున ఉంది. మెల్లగా అది దిగసాగింది. నాకు ఆశ పుట్టింది. అంతలో ఆయన పక్కనున్న అమ్మాయి గీత జువ్వలా పైకి లేచింది. ఆ పిల్ల మిషన్ దిగి, అరచేతులు చూసుకుంటూ, "మంటలు మేడమ్, చేతులు మండిపోతున్నాయి" అని ఏడవడం మొదలుపెట్టింది. చేతుల మీద చిన్న మచ్చ కూడా లేదు.

హైమవతి గారు అన్నీ ఆపేశారు. "పక్కనున్నవాళ్ల మీదే ఎక్కువ పడుతోంది. దూరంగా ఉన్నవాళ్లకి సరిగ్గా చేరడం లేదు," అని తనలో తను అనుకున్నట్టు అన్నారు. ఆ రాత్రంతా ఆ అమ్మాయి పక్కనే కూర్చున్నారని తర్వాత తెలిసింది.

మా ఆయన ఆ పిల్ల ముందు చేతులు జోడించి నిలబడ్డాడు. "తల్లీ, నాను సేసిన పని సూడు," అన్నాడు గుసగుసగా. బస్సులో తిరిగొస్తుంటే కిటికీ బయటికి చూస్తూ నాతో ఒకే మాట అన్నాడు. "నా బయం నాకే ఉండనీయే, కాములూ. ఇంకోళ్లకి అంటించొద్దు."

ఆ తర్వాత ఎక్సర్‌సైజు జరిగే వైపు ఆయన తిరిగి చూడలేదు. నెలలు గడుస్తుంటే ఊరు కోలుకుంది, కప్పులు లేచాయి, మా ఆయన చొక్కా మాత్రం ఇంకా ఇంకా వదులైపోయింది. పాట అందుకునే మనిషి లేక అలివి వల షెడ్డులోనే పడుంది. అంతలో హైమవతి గారు పెట్టెలు సర్దుతున్నామని, వారం చివర్లో వెళ్లిపోతామని చెప్పారు. నా ఒళ్లు మండిపోయింది.

"అందరి బయాలూ తీసేసి, మా ఆయన్ని అలగ ఒగ్గేసి ఎల్లిపోతారా?" అన్నాను మేడ మెట్ల మీదే నిలబెట్టి.

"కాములూ, నాకు మాత్రం ఇష్టమా? ఆయన పక్కన నిలబడిన వాళ్లకి ఏమైనా అయితే? ఒక గుండె కాపాడబోయి ఇంకో గుండె ఆపేస్తే నేనేం జవాబు చెప్పను?"

ఆవిడ మాట నిజమే. అందుకే ఇంకా ఏడుపొచ్చింది. మెట్ల కింద కూర్చుని వల బాగుచేస్తున్న నర్సమ్మత్త తల ఎత్తకుండానే అంది.

"ఇదిగో డాకటరమ్మా. వల ఒడ్డుకొత్తే జొరమొచ్చి మంచాన పడ్డోడికీ వాటా ఎడతాం మేం. వల సిరిగిపోతే ఆ నట్టమూ అందరం ఏసుకుంటాం. దాలిగాడి బయం ఒక్కటీ ఆడికే ఒగ్గేమంటే ఎలగమ్మా? ఆడి పిలుపుకి తాడు లాగింది మేం కామా?"

హైమవతి గారు ఆఖరికి ఒప్పుకున్నారు గానీ, వంద షరతులు. గట్టి ఆరోగ్యం ఉన్న పన్నెండు మందే. ఎవరికి వారు ఇష్టపడి రావాలి. ముసలివాళ్లు అసలే వద్దు, ఆ మాట అంటూ నర్సమ్మత్త వైపు చూశారు. మీట తన చేతిలోనే ఉంటుంది, ఒక్కరి గీత హద్దు దాటినా ఆపేస్తారు.

ఇక మిగిలింది మా ఆయన. గుమ్మంలో కూర్చున్నవాడు తల అడ్డంగా ఊపాడు. నేను అన్నం కంచం కింద పెట్టి ఎదురుగా కూర్చున్నాను.

"నీ బయం నీదేనంటన్నావు గదా మావా. రోజూ నీ పక్కన పడుకుంటన్నది ఎవరు? పట్టీ గిట్టీ నేకుండానే సగం నాకు వచ్చేసినాది. నీ గుప్పిళ్లు ఇప్పదీసి ఇప్పదీసి నా ఏళ్లు నొప్పెట్టేస్తన్నాయి. వాటా అడుగుతన్నది ఊరోళ్లు గాదు, నాను. నాకున్నది కొంచెం తగ్గించుకోనీ."

ఆయన నా చేతివేళ్లు పట్టుకుని చూశాడు. లేచి కండువా వేసుకున్నాడు.

వంగుళ్లూ లేవడాలూ వద్దని, అలవాటైన పని అయితే అడుగు బాగా కలుస్తుందని హైమవతి గారే అన్నారు. షెల్టర్ పక్కన తుఫాను విసిరేసిన పడవ ఒకటి సగం ఇసకలో కూరుకుపోయి ఉంది. దానికి వల తాడు కట్టించారు. పన్నెండు మంది తాడు పట్టుకుని తాళానికి లాగాలి. "ఒక్కటి గుర్తుంచుకోండి, ఎవరి చోట్లో వాళ్లే ఉండాలి. ఎవరి పక్కన ఎవరుంటారో నేను లెక్కేసి పెట్టాను," అని మరీ మరీ చెప్పి మేడెక్కారు. అందరం తలలూపాం.

అక్కడే ఆవిడ పప్పులో కాలేశారు. మేము తాడు లాగే పద్ధతి ఆవిడకి తెలీదు, చెప్పాలని మాకు తట్టలేదు. అలివి వల లాగేటప్పుడు ఎవరూ ఒకచోట నిలబడరు. నీటి అంచున తాడు అందుకుని, లాగుతూ లాగుతూ వెనక్కి నడుస్తారు. వెనక చివరికి చేరినవాడు తాడు వదిలి, ఒడ్డమ్మటే ముందుకెళ్లి మళ్లీ మొదట అందుకుంటాడు. ఊపిరి తీసుకోవడానికి వీలుగా ఉంటుందని తాతల నాటి నుంచీ అంతే.

తాళం మొదలైంది. నేను మా ఆయన పక్కనే ఉన్నాను. ముందు ఏమీ లేదు, తాడు గరుకు, ఇసక వేడి. తర్వాత ఒక్కసారిగా వచ్చింది. ఓరి నాయనో! బొమ్మలేవీ కనిపించలేదు, మాటలేవీ వినిపించలేదు. గొంతులో ఎవరో పిడికిలి దూర్చినట్టు, అరచేతుల్లోంచి ఏదో జారిపోతున్నట్టు, పట్టుకో పట్టుకో అని ఒళ్లంతా అరుస్తున్నట్టు. ఈ మనిషి ఇన్నాళ్లూ దీన్ని పెట్టుకుని అన్నం ఎలా తిన్నాడో, నాతో ఆ నాలుగు మాటలైనా ఎలా మాట్లాడాడో నాకు అర్థం కాలేదు. కళ్లనీళ్లు కారిపోతుంటే లాగుతున్నాను.

అంతలో, పడవ కదలకపోయినా తాడు మీద చేతులు మార్చుకుంటూ వెనక్కి జరిగిన చివరి మనిషి, షెల్టర్ గోడ తగిలేసరికి, చెయ్యి వదిలేసి ముందుకెళ్లిపోయాడు. అలవాటు! అతని వెనకే ఇంకొకరు. మేమంతా ఒక్కొక్క అడుగు వెనక్కి జరిగాం. మేడ మీద కిటికీలోంచి కేక వినిపించింది.

"చోటు మారొద్దు! ఎవరి చోట్లో వాళ్లుండండి!"

తాడు చేతిలో ఉండగా మా వాళ్లకి దేవుడు దిగొచ్చి చెప్పినా వినపడదు. నా వంతు వచ్చింది, నేనూ వదిలి ముందుకెళ్లాను. మా ఆయనకి కాస్త దూరమయ్యేసరికి గొంతులో పిడికిలి వదులైంది. ఆయనా చివరికొచ్చి, చెయ్యి వదిలి, ముందుకెళ్లి, ఈసారి వేరేవాళ్ల మధ్య తాడు పట్టాడు. అలసిపోయినవాళ్లు పట్టీ విప్పి గట్టున చూస్తున్నవాళ్ల చేతికి కట్టేస్తున్నారు. వాళ్లు తాడు అందుకుంటున్నారు. పన్నెండు మందీ ఎప్పుడో పోయారు, పేట పేటంతా తిరుగుతోంది.

హైమవతి గారు చేతిలో మీట పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. సరిగ్గా ఆ సమయానికి మా ఆయన పక్కన తాడు పట్టుకుని ఉన్నది ఎవరనుకున్నారు? నర్సమ్మత్త!

"అమ్మా! మిమ్మల్ని రావద్దన్నాను కదా!"

"ఎప్పుడో వచ్చినానమ్మా. ఇది నాకు రెండోసారి తిరుగుడు," అంది ఆవిడ రొప్పుతూ.

హైమవతి గారి వేలు మీట మీదే ఉంది. ఇంకో చేతిలో చిన్న తెర. ఏ గీతా హద్దు దాటడం లేదు. ఒకటి లేస్తోంది, దిగుతోంది, దాని పక్కది లేస్తోంది, అదీ దిగుతోంది. మా ఆయన గీత అందరి వరసలోకి మెల్లగా వచ్చేస్తోంది. ఆవిడ తెర వంక చూశారు, మా వంక చూశారు. మీట జేబులో పడేసి, నా చేతి నుంచి పట్టీ విప్పించుకుని తన చేతికి కట్టుకుని, వెళ్లి తాడు పట్టుకున్నారు.

పట్టుకున్నారు గానీ, రెండు కాళ్లూ దగ్గరగా పెట్టి కర్రలా నిలబడ్డారు. తాళానికి అందరూ లాగేసరికి ధబీమని ఇసకలో కూలబడ్డారు, కళ్లజోడు ఎక్కడో ఎగిరిపడింది.

"డాకటరమ్మా! కాలు ఎనక్కెయ్యండి! అలగ నిలబడితే తాడే మిమ్మల్ని లాగెత్తాది!"

ఆ కేకకి గట్టు మీద కాకులు లేచిపోయాయి. తాడు పట్టినవాళ్లందరూ కొయ్యబారిపోయారు. నేను మాత్రం వెనక్కి తిరిగి చూడలేకపోయాను. అది మా ఆయన గొంతేనని నమ్మి, కాకపోతే ఏమైపోతానోనని భయమేసింది. అరిచిన మనిషికే ముందు తెలియలేదు. తెలిశాక తన గొంతు మీద చెయ్యేసుకుని నా కోసం వెతుక్కున్నాడు.

"నిలబడిపోనారేటర్రా?" అని కసిరింది నర్సమ్మత్త, ముక్కు చీదుకుంటూ. "ఆడు సెప్పింది ఇన్నారు గదా, కాలు ఎనక్కెయ్యండి!"

మా ఆయన స్పీకరు ఆపెయ్యమని చేత్తో సైగ చేశాడు. గొంతు సవరించుకున్నాడు. మొదటి పిలుపు జీరగా వచ్చింది, రెండోది విరిగిపోయింది. మూడోసారి "హైలెస్సా" అన్నాడు చూడండి, పడవ ఇసకలోంచి ఊడి వచ్చింది. నేను అక్కడే చతికిలబడి, చంటిపిల్లలా వెక్కివెక్కి ఏడ్చాను. డాక్టరమ్మ నా పక్కన కూర్చుని, కళ్లజోడు తుడుచుకుంటూ ఆవిడా ఏడ్చారు.

ఆ గొంతు ఊరికే రాలేదు, అదీ చెప్పాలి. ఆ వారమంతా మా పేటలో ఎవరికీ అన్నం సయించలేదు. అరచేతులు మండుతున్నాయని అందరూ కొబ్బరినూనె రాసుకు తిరిగారు. హైమవతి గారు ప్రయాణం మానుకుని ఇంటింటికీ వెళ్లి గుండెలు పరీక్షించారు. ఎవరికీ ప్రమాదం లేదని తేలాక గానీ ఆవిడ కాఫీ తాగలేదు. పరిశోధనశాలలో ఏడ్చిన ఆ అమ్మాయిని కూడా పిలిపించి, తాడు పట్టించి, మా మధ్య తిప్పారు. వెళ్లేటప్పుడు ఆ పిల్ల నవ్వుతూ చేపల పులుసు రెండుసార్లు వేయించుకుంది. మా ఆయన ఆ రోజు పులుసులో ఉప్పు తక్కువైందని నా మీద గట్టిగా కేకలేశాడు. అంత కమ్మటి తిట్టు నా జన్మలో తినలేదు.

భయం పోలేదు. అది ఎక్కడికీ పోదట, పంచుకోవడమే తప్ప. తలకి చిటికెడు చొప్పున అందరిలోనూ ఉండిపోయింది. ఆ సంగతి మొన్న మళ్లీ వాయుగుండం పట్టినప్పుడు తెలిసింది. మైకులో హెచ్చరిక ఇంకా రాలేదు. సాయంత్రం గాలి కాస్త మారేసరికి ఊరందరికీ ఒకేసారి అరచేతులు లాగాయి. ఇదివరకైతే ఇల్లు వదలమని మొండికేసే వాళ్లని ఈడ్చుకురావాల్సి వచ్చేది. ఆ రోజు ఎవరినీ పిలవక్కర్లేకపోయింది. పొయ్యిలార్పి, పిల్లల్ని చంకనేసుకుని, జనమంతా షెల్టర్ మెట్లు ఎక్కేశారు. మా ఆయన తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్క ఇంటిపేరూ గొంతెత్తి పిలుస్తూ, అందరూ వచ్చిందీ లేనిదీ చూసుకున్నాడు.

అప్పుడు నా ఫోను మోగింది. హైమవతి గారు. ఆవిడ విశాఖపట్నంలో ఒక్కరే ఉంటారు.

"కాములూ, ఇక్కడ గాలి లేచింది. నా అరచేతులు లాగుతున్నాయి. మీరంతా షెల్టర్ ఎక్కారా?"

మా ఆయన ఫోను నా చేతిలోంచి తీసుకున్నాడు.

"అందరం ఎక్కేసినాం డాకటరమ్మా. మీ సంగతి సెప్పండి. కిటికీలేసుకున్నారా? ఒక్కరూ కూకోకండి. పక్కింటోళ్ల తలుపు కొట్టండి. ఎల్లండి, నాను ఫోను ఎట్టెయ్యను, ఇంటన్నాను."

అవతల ఆవిడ చెప్పులు వేసుకోవడం, తలుపు గడియ తీయడం వినిపించింది. తర్వాత ఎవరిదో తలుపు మీద, మొదట మెల్లగా, మళ్లీ కాస్త గట్టిగా, కొట్టారు.